చెరువు సంచిలోకి దిగిన ముహూర్తం

బంగారయ్య గారికి ఓ అలవాటుండేది. ఎవరేం అడిగినా జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడి చేతిలో ఏదో ఒక పని పెట్టేవారు. ఉప్పుటేరు ఒడ్డున వలలు అల్లుకుని బతికిన మనిషి ఆయన. మఠం లేదు, కాషాయం లేదు, కాళ్ళకి దండాలు పెట్టించుకోటం అసలే లేదు. సోమవారం సోమవారం ఆయన అరుగు మీద పదిమంది చేరి తత్వాలు పాడుకునేవారు, అంతే. ఒకసారి ఎవరో కొత్తాయన వచ్చి "దేవుడున్నాడంటారా?" అని అడిగితే, "ముందు ఆ నూలు ఉండ ఇటందుకో, చిక్కు తీద్దాం" అన్నారట. ఆ వచ్చినాయన పొద్దుగూకేదాకా చిక్కు తీసీ తీసీ, అడిగింది మర్చిపోయి, ఇంటికెళ్ళి కడుపునిండా తిని పడుకున్నాడు. "అదిగో, దొరికిందిగా జవాబు" అని గురువుగారు చాలాకాలం నవ్వుకున్నారు.

ఆ అరుగు మీదికి వచ్చేవాళ్ళలో నాంచారయ్య ఒకడు. అరవై దాటినవాడు. రెండెకరాల రొయ్యల చెరువుంది. అతని భార్య నాగరత్నం దసరా వెళ్ళిన వారానికి పోయింది. జ్వరం అనుకున్నారు, మూడు రోజులు, అంతే. ఆ రోజు నుంచి నాంచారయ్య ఇంట్లో తలుపేసుకు కూర్చున్నాడు. చావిట్లోకి చుట్టం వస్తే పెరట్లోకి పోయేవాడు, పెరట్లోకి పొరుగువాళ్ళు వస్తే చావిట్లోకి పోయేవాడు. ఐదు నెలలకి, ఫాల్గుణ మాసంలో ఓ సోమవారం, పాటలు అయిపోయి అందరూ లేచి వెళ్ళాక, అతనొక్కడూ స్తంభానికి ఆనుకుని ఉండిపోయాడు.

"గురువుగారూ, ఒక మాటండి."

"రెండు చెప్పు. ఒకటి వడ్డీ" అన్నారు బంగారయ్య గారు, చేతిలో వల వదలకుండానే.

"మా ఆవిడ పోయినప్పట్నుంచీ తలుపేసుకునే ఉన్నానండి. వేసుకుంటే ఊపిరాడట్లేదు. పోనీ అని తీస్తే, లోకమంతా ఒక్కసారి మీద పడిపోతోంది. అదొక్కటే కాదండి..." అని గొంతు తగ్గించాడు. "తీసిన తలుపులోంచి ఆవిడ బయటికి పోద్దేమోనని భయంగా ఉంది. ఇప్పుడైతే ఇదిగో, ఇక్కడ గుండెలో చిక్కగా ఉంది. నలుగుర్లో పడితే పల్చనైపోద్దండి. మూసుకోమంటారా, తెరవమంటారా?"

గురువుగారు వలని పైకెత్తి, ఆ కన్నుల్లోంచి వీధివైపు కాసేపు చూశారు. "మీ చెరువులో సీడు ఎప్పుడు వేస్తున్నారు?" అన్నారు.

"శుక్రవారం పొద్దున్నండి. మా అల్లుడు ముహూర్తం పెట్టించాడు. నేను వెళ్ళటం లేదండి."

"నేను వెళ్తున్నాను. గట్టు మీద టీ ఇస్తారుగా?"

"ఇస్తారండి, పెద్ద ఫ్లాస్కుతో తెస్తారు."

"నాకేమో అడిగి తాగాలంటే మొహమాటం. నువ్వొచ్చి ఇప్పించాలి" అని ఆయన మళ్ళీ వల ముడుల్లో పడిపోయారు.

నాంచారయ్య కాదనలేకపోయాడు. కాదనలేక ఆ మూడు రోజులూ కుడితిలో పడ్డ ఎలకలాగా కొట్టుకున్నాడు. అతను చెరువు దగ్గరికి పోకపోటానికి పెళ్ళాం మీద బెంగే కారణమని ఊరంతా అనుకునేది. బెంగ ఉంది, కాదని కాదు. దాని కింద ఇంకోటి ఉంది. అది అతనికి తప్ప ఎవరికీ తెలీదు.

సీడంటే రొయ్య పిల్లలు. కనురెప్ప వెంట్రుకంత ఉంటాయి. సముద్రం ఒడ్డున హేచరీలో పుట్టి, సముద్రపు నీళ్ళతోనే ప్లాస్టిక్ సంచుల్లో వస్తాయి. చెరువు నీళ్ళు అంత ఉప్పుండవు, బోరు నీళ్ళు కలిపి సగానికి సగం చప్పగా ఉంటాయి. అందుకని సంచి తెచ్చి బుడుంగున కుమ్మరించకూడదు. ముందు మూతి విప్పకుండా సంచుల్ని చెరువులో తేలేయాలి, లోపలి చల్లదనం బయటి వెచ్చదనం సర్దుకునేదాకా. తరవాత మూతి విప్పి, చెంబుడు చెరువు నీళ్ళు పోసి ఆగాలి. మళ్ళీ చెంబుడు పోసి ఆగాలి. రెండు గంటలు పడుతుంది. ఆ పని ఎప్పుడూ నాగరత్నమే చేసేది. నడుం లోతు నీళ్ళలో నిలబడి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, "ఇంకా కాలేదు, ఇంకా రెండు చెంబులు" అనేది. పొరుగు చెరువులవాళ్ళు కూడా సీడొచ్చిందంటే ఆవిణ్ణి పిలుచుకుపోయేవాళ్ళు.

ఆవిడ పోయిన పన్నెండో రోజున, అంతకుముందే చెప్పి ఉంచిన సీడు వచ్చేసింది. అల్లుడు గోవిందు ఆ వేళ పెద్దకర్మ సామాన్లకి బజారుకెళ్ళాడు. నాంచారయ్య ఒక్కడే గట్టు మీదికొచ్చాడు. షెడ్డులో మేకుకి ఆవిడ రాగి చెంబు వేలాడుతోంది. దాన్ని చూశాడు. ఇక అక్కడ నిలబడలేకపోయాడు. సంచులన్నీ కత్తితో కోసి, టపటపా కుమ్మరించి, వెనక్కి చూడకుండా ఇంటికొచ్చేశాడు. మర్నాటికి చెరువు అడుగంతా తెల్లగా బియ్యం పోసినట్టుంది.

"సీడు చెడ్డది" అన్నాడు ఇంట్లోవాళ్ళతో. ఒక్క మాట. ఆ ఒక్క మాటా ఐదు నెలల్లో ఎంత దూరం పోయిందంటే, గోవిందు వెళ్ళి హేచరీవాళ్ళతో పోట్లాడి, ఆ హేచరీయే మానేశాడు. తరవాత పంతులుగారి దగ్గరికెళ్తే ఆయన పంచాంగం తిప్పి, "ముహూర్తం చూడకుండా వేశారు, మైల రోజులు కూడాను" అన్నారు. ఇక కూతురు తాయారుకి ఒకటే బాధ. ఆ ఊళ్ళల్లో మైలలో ఉన్న ఆడమనిషి చెరువు గట్టు తొక్కకూడదంటారు. తల్లి పోయిన నాలుగో రోజున తాయారు ఏడుపాగక, అమ్మ నిలబడే చోటు చూసుకుందామని గట్టెక్కింది. "నా కాలేనండీ, నా కాలే తగిలింది. రెండు లచ్చల పానాలు" అని మొగుడి దగ్గర ఏడ్చింది. అప్పట్నుంచి ఆ పిల్ల గట్టెక్కటం మానేసింది. గోవిందుకి అన్నం తెచ్చినా, కబురు చెప్పాలన్నా రోడ్డు మీద నిలబడి కేకేసేది. నాంచారయ్య అదంతా చూస్తూనే ఉన్నాడు. చెబుదామని నోటిదాకా వచ్చేది, మళ్ళీ లోపలికి పోయేది. ఈసారి కూడా పంట పోతే చెరువు వేరేవాళ్ళకి ఇచ్చేసి, కూతురూ అల్లుడూ పట్నం పోయి ఏదో ఒక పని చూసుకుంటామన్నారు. అంటే నాగరత్నం ముప్పయ్యేళ్ళు నిలబడ్డ ఆ నీళ్ళు ఇక పరాయివాళ్ళవి.

శుక్రవారం పొద్దున్న ఆరు గంటలకి నాంచారయ్య, గురువుగారు చెరువు దగ్గరికొచ్చేసరికి అక్కడంతా పెళ్ళివారి విడిదిలా ఉంది. గట్టుకి పసుపు నీళ్ళు చల్లారు. నీళ్ళు చిలికే ఏరేటర్లకి బొట్లు పెట్టారు. అరటాకులో కొబ్బరికాయ, కర్పూరం. గోవిందు తెల్ల పంచె కట్టి, సెల్లు చేతిలో పట్టుకుని, నిమిషానికోసారి టైం చూసుకుంటున్నాడు. ముహూర్తం ఆరూ పన్నెండుకి మొదలు, ఆరూ నలభైకి ఆఖరు. ఐదింటికల్లా రావాల్సిన సీడు బండి ఇంకా రాలేదు. తాయారు ఫ్లాస్కు, గ్లాసులు పట్టుకుని అక్కడెక్కడో రోడ్డు మీద నిలబడుంది.

"ఏవమ్మా, ఇక్కడికి తెచ్చి పోయవా?" అని గురువుగారు కేకేశారు.

"మీరే రావాలి తాతా! నేను గట్టెక్కను!"

"నా మోకాళ్ళ సంగతి నీకు తెలీదు. ఇటొచ్చాను కదా, ఇక అటు రావాలంటే అవి ఒప్పుకోవు."

తాయారు నవ్వలేదు. నాంచారయ్య తలొంచుకుని వెళ్ళి, కూతురి చేతిలోంచి ఫ్లాస్కు తీసుకొచ్చి టీ పోశాడు. గురువుగారు రెండు గుక్కలు తాగి, "చక్కెర ఒకవైపే కూచుంది. కలపలేదు" అన్నారు.

బండి వచ్చేసరికి ఆరూ పది అయింది. డ్రైవరు దిగుతూనే "టైరు పోయిందండీ, నా తప్పేం లేదండీ" అని దండం పెట్టేశాడు. అట్టపెట్టెలు దించారు. గోవిందు, పక్క చెరువు మోషే కలిసి ఇరవై సంచులూ మోసి, నీళ్ళలో వెదురుగడల చట్రం మధ్యకి తోశారు. గోవిందు సెల్లు చూసుకున్నాడు. మొహం పాలిపోయింది.

"ఇంక ఇరవై నిమిషాలే ఉంది. మోషే బాబాయ్, ఆ కత్తి ఇలా ఇయ్యి."

"కత్తెందుకయ్యా? నీళ్ళు సర్దుకోవద్దూ?" అన్నాడు మోషే.

"రెండు గంటలు సర్దితే ఎనిమిదిన్నరవుద్ది. ఎనిమిదిన్నరకి దుర్ముహూర్తం పడుద్ది. పోయినసారి ముహూర్తం లేకుండా వేస్తే ఏమైందో చూశావుగా! ముందు నీళ్ళలో పడనీ. తరవాత దేవుడే చూసుకుంటాడు."

"పడటానికేం, పడతాయి" అని మోషే గొణిగాడు. అతను పొరుగు మనిషి, అంతకుమించి చెప్పలేకపోయాడు. రోడ్డు మీంచి తాయారు "ఏవండీ, తొందరగా కానీండీ! టైమైపోతోంది!" అని అరుస్తోంది. గోవిందు కత్తి పుచ్చుకుని మొదటి సంచి మీదికి వంగాడు.

నాంచారయ్య గురువుగారి వైపు చూశాడు. ఆయనేమో గ్లాసు అడుగున మిగిలిన చక్కెరని వేలితో తీసుకుని తింటున్నారు. పసిపిల్లాడు తిన్నట్టు, ఎంతో శ్రద్ధగా. ఆ మనిషి ఏమీ చెప్పరని నాంచారయ్యకి అప్పుడర్థమైంది. ఇప్పుడు నోరు తెరిస్తే అల్లుడి ముందు, మోషే ముందు, రేపటికి ఊరు ఊరంతటి ముందూ తల దించుకోవాలి. తెరవకపోతే రెండు లక్షల పిల్లలు మళ్ళీ పోతాయి. ఈసారి ముహూర్తం చూసి మరీ చంపినట్టవుద్ది.

"గోవిందూ, ఆగు" అన్నాడు. గొంతు వాడక తుప్పు పట్టినట్టుంది. "పోయినసారి ముహూర్తం వల్ల పోలేదు. నా వల్ల పోయింది."

గోవిందు అర్థంకానట్టు చూశాడు.

"సీడు చెడ్డది కాదు. హేచరీవాళ్ళ తప్పు కాదు. నేనే కోసేసి పోసేశాను, ఇదిగో, నువ్విప్పుడు చేయబోతున్నట్టే. ఒక్క చెంబు నీళ్ళు కలపలేదు. నిలబడలేకపోయాను." అని రోడ్డు వైపు తిరిగి, ఆ గట్టు మీంచి ఈ గట్టుదాకా వినపడేంత గట్టిగా అరిచాడు: "తాయారూ! నీ కాలు కాదమ్మా! నీ కాలు ఏం చేయలేదు! నేనే చంపాను!"

గోవిందు కత్తి కిందపెట్టాడు. అతని మొహంలోకి ముందు కోపం వచ్చింది, తరవాత ఇంకేదో వచ్చింది. "నేను... ఆ హేచరీ ఆయన్ని కాలరు పట్టుకున్నాను మావయ్యా" అన్నాడు మెల్లిగా. "పెద్ద మనిషి. కళ్ళజోడు పడిపోయింది ఆయనది."

"పద, ఇద్దరం వెళ్ళి కాళ్ళు పట్టుకుందాం. కొత్త కళ్ళజోడు కూడా తీసుకెళ్దాం."

తాయారు రోడ్డు మీంచి కదిలింది. చెప్పులు గట్టు మొదట్లో విడిచింది. మొదటి అడుగు వేసి ఆగింది, కాలి కింద మట్టిని చూసుకుంది. తరవాత విసవిసా నడుచుకుంటూ వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది. కొడుతుందేమో అనుకున్నాడు మోషే. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, "ఐదు నెలల్నుంచి నేను రోడ్డు మీద నిలబడి గొంతు పగిలేలా అరుస్తుంటే, నీకు చీమ కుట్టినట్టు కూడా లేదా నాన్నా?" అంది.

"కుట్టిందమ్మా. రోజూ కుట్టింది."

"కుట్టాలి నీకు" అంది. అని షెడ్డులోకి వెళ్ళి మేకు మీది రాగి చెంబు తెచ్చి, తండ్రి చేతిలో ఠక్కున పెట్టింది. "దిగు."

అంతా బాగానే ఉంది గానీ ముహూర్తం మాటేంటి? గోవిందుకి, నిజం తెలిసింది కదాని పంతులుగారు పెట్టిన ఘడియ దాటిపోనివ్వటానికి మనసొప్పుకోవటం లేదు. "ఇంకా పన్నెండు నిమిషాలుంది తాతగారూ. సీడు నీళ్ళలో దిగటానికి పెట్టిన ముహూర్తం. అది దిగకుండా దాటిపోతే ఎలాగ? మా అమ్మ ఊరుకోదు, ఎవరూ ఊరుకోరు" అన్నాడు.

గురువుగారు గ్లాసు పక్కన పెట్టి, "ముహూర్తం ఎవరికి పెట్టారు నాయనా? చెరువుకా, పిల్లకా?" అని అడిగారు.

"రెండిటికీనండి. పెళ్ళిలాగే కదండీ, ఇద్దరూ కలవాలి."

"కలవటానికి పిల్లే గడప దాటాలని ఎక్కడుంది? మన పెళ్ళిళ్ళలో ముందు మగపెళ్ళివారే కదా విడిదికొచ్చేది. ఇప్పుడు పిల్ల చెరువులో దిగకపోతేనేం. చెరువుని సంచిలోకి దింపు."

మోషే పెద్దగా నవ్వేశాడు. గోవిందు నవ్వాలా వద్దా అని కాసేపు తటపటాయించి, తరవాత గబగబా కొబ్బరికాయ కొట్టాడు. కర్పూరం వెలిగించాడు. నాంచారయ్య పంచె ఎగ్గట్టి నడుం లోతు నీళ్ళలోకి దిగాడు. చెరువు నీళ్ళు ముంచి, ఒకే ఒక్క సంచి మూతి సడలించి, అందులో చెంబు సగం వంచాడు. "ఆరూ ముప్పై నాలుగు!" అని గట్టు మీంచి గోవిందు ఊరందరికీ చెప్పినట్టు అరిచాడు. తాయారు ఈల వేసింది. ఆడపిల్ల ఈలేంటని ఆ గట్టు మీద ఎవరూ అడగలేదు.

ఆ తరవాత పనంతా మామూలుగా, నింపాదిగా సాగింది. అరగంట ఆగాక మిగతా మూతులన్నీ విప్పారు. సంచికి ఒక చెంబు. మళ్ళీ మొదటి సంచికొచ్చేదాకా ఇంకోటి లేదు. నాంచారయ్యకి చెయ్యి తిరిగింది. రెండో వరసలో ఉండగా వరహాలమ్మ వచ్చింది. ఆవిడది మూడో గట్టు. చెరువులో మనిషిని చూసి బుగ్గ నొక్కుకుంది.

"ఏం బావా! బతికే ఉన్నావా? సంతలో నిన్నడిగితే, కాశీ పోయి సన్నాసుల్లో కలిశాడన్నారు."

నాంచారయ్య చుట్టూ చూశాడు. పారిపోదామంటే నీళ్ళు, చేతిలో చెంబు, ఇరవై సంచులు. "కలుద్దామనే అనుకున్నాను. వాళ్ళు రానివ్వలేదు" అన్నాడు ఎలాగో.

"ఎందుకు రానిస్తారు? నీ గురక వింటే వాళ్ళ తపస్సు పాడైపోదూ? మా రత్నం ఎలా పడుకుందో ముప్పయ్యేళ్ళు!" అంది వరహాలమ్మ.

రత్నం అన్న మాట విని తాయారు చటుక్కున తండ్రి మొహం చూసింది. అతను చెంబు నీళ్ళు సంచిలోకి వంచాడు. తరవాత, "చెవుల్లో దూది పెట్టుకునేది" అన్నాడు. "నాకు తెలీదనుకునేది. దిండు కింద దొరికేది పొద్దున్నే."

వరహాలమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఎక్కువసేపు ఉండలేదు. "మేతేసొస్తాను" అని వెళ్ళిపోయింది. నాంచారయ్య గట్టిగా ఊపిరి పీల్చుకుని ఇంకో వరస పోశాడు. అది కాగానే మోషే తమ్ముడొచ్చి నాలుగు మాటలాడి పోయాడు. ఆ తరవాత ఐసు బండి ఆయన. అందరూ అలాగే, కొంచెం వచ్చి, కొంచెం ఉండి పోతున్నారు. మధ్యలో ఎవరూ లేని కాసేపు. గురువుగారు గట్టు మీద గొడుగేసుకుని కూర్చుని, ఇంకో మనిషి అప్పుడే వస్తుంటే, "కాసేపాగి రా నాయనా, ఇప్పుడే ఒకాయన వెళ్ళాడు" అని దారిలోనే ఆపేస్తున్నారు. నాంచారయ్య అది గమనించలేదు.

"అమ్మ ఎందుకిలా ఒక్కో చెంబే పోసేది నాన్నా?" అని అడిగింది తాయారు. సంచుల మూతులు పట్టటానికని ఆ పిల్ల కూడా నీళ్ళలో దిగిపోయింది.

"మీ అమ్మ ఒకసారి ఫిషరీసువాళ్ళ క్లాసుకెళ్ళొచ్చింది, నీ పెళ్ళికి ముందు. వచ్చి రాగానే నన్ను కూచోబెట్టి పాఠం చెప్పింది. నాలుగు ఎండు ద్రాక్షలు గ్లాసు నీళ్ళలో వేసి, సాయంత్రం తీసి చూపించింది. బుగ్గల్లా ఉబ్బాయి. 'చూశావా, ఎవరూ తలుపు తీయలేదు, తొక్క చిరగలేదు, నీళ్ళు మాత్రం లోపలికెళ్ళిపోయాయి. ఎటు చిక్కగా ఉంటే నీరు అటు దూరిపోద్ది' అంది. రొయ్య పిల్ల ఒళ్ళూ అంతేనంట. చప్ప నీళ్ళలో పడేస్తే లోపల ఉప్పుంది కదాని నీళ్ళన్నీ దాని మీదికే పరిగెత్తుతాయి. ఉబ్బిపోద్ది. దాని ఉప్పేమో బయటికి కారిపోద్ది."

"మరి చెంబుతో పోస్తే మాత్రం పోవా?"

"అక్కడే ఉంది కిటుకంతా. దాని మొప్పల్లో కూలీలుంటారంట. కంటిక్కనపడరు. నీరు పిలవకపోయినా వచ్చుద్ది. ఉప్పు అలా రాదు. పోయిన ఉప్పుని ఆ కూలీలు రవ్వ రవ్వా పట్టుకుని, ఎదురు మోసి, మళ్ళీ లోపల పెట్టాలి. దానికి తిండి కావాలి, ఓపిక కావాలి. కొత్త నీళ్ళు ఒక్కసారి పోస్తే వాళ్ళు చేతులెత్తేస్తారు. కాస్త కాస్త పోస్తే పనిలో పడతారు. 'మనం చేసేదేం లేదయ్యా, ఆ కూలీలకి టైం ఇవ్వటమే' అంది మీ అమ్మ." నాంచారయ్య నవ్వాడు. "అని చెప్పి, పాఠం అవగానే ఆ ద్రాక్ష నాలుగూ తనే తినేసింది. నాకొక్కటి పెట్టలేదు."

గోవిందు, మోషే, బండి డ్రైవరు, మళ్ళీ వచ్చిన వరహాలమ్మ, అందరూ గట్టు మీద గొంతుక్కూచుని వింటున్నారు. తండ్రి నోట్లోంచి అమ్మ మాట ఇంతసేపు వినటం తాయారుకి ఐదు నెలల్లో అదే మొదటిసారి. అతనికి మాత్రం ఆ సంగతి తట్టలేదు. వేలు సంచిలో ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు, చెరువులో ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. రెండుసార్లు చూశాడు. "అయింది" అన్నాడు.

అయిందని తెలుసుకోటానికి ఇంకో పద్ధతుంది. గోవిందు తెల్ల బేసిను తెచ్చాడు. ఒక సంచిలోంచి గరిటెడు పిల్లల్ని అందులోకి తీశారు. నాంచారయ్య చేయి పెట్టి నీళ్ళని గిర్రున ఒక సుడి తిప్పి వదిలేశాడు. ఓపిక లేని పిల్లయితే నీటితోపాటే తిరిగి తిరిగి బేసిను మధ్యలో కుప్పగా పడిపోతుంది. అందరూ తలలు దగ్గర పెట్టి చూశారు. ముందు అన్నీ కొట్టుకుపోతున్నట్టే అనిపించింది. అప్పుడు ఒకటి తల తిప్పింది. తరవాత ఇంకోటి. ఉన్నట్టుండి ఆ వెంట్రుకలన్నీ ఒక్కసారే అటు తిరిగి, నీటికి ఎదురు, బేసిను అంచు పట్టుకుని బారులు తీరి ఈదటం మొదలుపెట్టాయి. మధ్యలో ఒక్కటి కూడా లేదు.

వరహాలమ్మ "అమ్మయ్యో, చూడండే వీటి పొగరు!" అంది. డ్రైవరు, తనే కన్నట్టు, అందరికీ చేతులు కలిపాడు. గోవిందు, తాయారు చెరో పక్కనుంచి సంచుల్ని నీళ్ళలోకి వంచారు. పిల్లలు వాటంతటవే, తోసుకోకుండా, జారుకుంటూ చెరువులోకి వెళ్ళిపోయాయి. టైమెంతయిందో ఎవరూ చూడలేదు. మోషే తన చెరువుకి పోయాడు. తాయారు మొగుణ్ణి వెంటబెట్టుకుని గట్టు పొడవునా, ఈ చివర్నుంచి ఆ చివరికి, ఊరికే నడుస్తోంది.

నాంచారయ్య గట్టెక్కి, తడి పంచె పిండుకుంటూ గురువుగారి పక్కన కూర్చున్నాడు. ఇద్దరి మధ్యలో బేసినుంది. అతను అందులో వేలితో ఇంకో సుడి తిప్పాడు, పిల్లలు మళ్ళీ ఎదురీదుతున్నాయి.

"గురువుగారూ, ఇవి ఇక ఈ నీళ్ళలోనే కదా ఉండేది. రోజులు గడిచేకొద్దీ లోపలి ఉప్పూ బయటి ఉప్పూ ఒకటైపోతాయాండీ?" అని అడిగాడు. అడిగింది రొయ్యల గురించే. చెయ్యి మాత్రం పక్కనున్న రాగి చెంబు మీదుంది.

బంగారయ్య గారు కళ్ళజోడు సర్దుకుని, బేసిన్లోకి వంగి చూశారు.

"ఒకటైపోతే, ఎదురీదక్కర్లేదుగా" అన్నారు.